కాలువ కట్టేసిన వారం

"మూడున్నరకి సమాధి. మట్టి పొయ్యగానే ఆ పిల్లని జీపెక్కిస్తాను. ఈలోగా నీ డిటెక్టివ్ పనేదో నువ్వు కానిచ్చుకో," అన్నాడు సర్కిల్ ఇనస్పెక్టర్ ఏడుకొండలు.

 లోవరాజు కాలువ రేవు పై మెట్టు మీద చెప్పులు విడిచి మెల్లగా కిందికి దిగడం మొదలుపెట్టాడు. పైనున్న నాలుగైదు మెట్లు తెల్లగా, ఆ కిందివన్నీ పాచి పట్టి నల్లగా ఉన్నాయి. గురువారం దాకా ఆ పాచి మెట్ల మీద నీళ్ళుండేవి. గురువారం కాలువ కట్టేశారు. గట్లు బాగుచెయ్యడానికి ప్రతి వేసవిలోనూ కట్టేసేదే, ఈ ఎనభై ఏడులో కొత్తగా జరిగిందేమీ కాదు. ఇప్పుడు అడుగున బురదా, బురదలోంచి తలలెత్తిన రాళ్ళూ తప్ప చుక్క నీరు లేదు.

ఆ రాళ్ళలో ఒకదానికి తల బద్దలై, నిన్న శనివారం దీపాలు పెట్టేవేళకి, ఫిజిక్స్ లెక్చరర్ డాక్టర్ యేసురత్నం చచ్చిపోయి కనిపించాడు. గేదెని ఎండిన కాలువలోంచి అవతలి గట్టుకి తోలుకుపోతున్న అచ్చమ్మ చూసి కేకలేసింది. రెండు కళ్ళూ కాస్టిక్ సోడా పడి ఉడికిపోయి ఉన్నాయి. రెండు చేతులూ మోచేతుల దాకా కాలిపోయి ఉన్నాయి. ఆయన భార్య ఎలీసమ్మ రాత్రే రాజమండ్రికి ట్రంకాల్ చేసింది. "మా రూతుని, ఆయన దగ్గర పనిచేసే పిల్లని, పట్టుకుపోతామంటున్నారు బాబూ. ఆ పిల్ల చెయ్యలేదు. మీరు రండి," అంది. లోవరాజు మొదటి బస్సుకే వచ్చాడు.

లోవరాజూ ఏడుకొండలూ ఒకప్పుడు ఒకే బాచిలో ఎస్సైలు. లోవరాజు పైవాళ్ళతో పడక ఉద్యోగానికి నీళ్ళొదిలేసి ప్రైవేటు డిటెక్టివ్ అయ్యాడు. ఏడుకొండలు నీళ్ళొదల్లేదు, పైవాళ్ళనీ వదల్లేదు. అంచేత ఇద్దరికీ ఉప్పూ నిప్పూ.

"నీ కేసు చెప్పు," అన్నాడు లోవరాజు కింది మెట్టు మీంచి.

"చెప్పడానికేముందయ్యా! నిన్న మధ్యాహ్నం దాటేక ఆ రూతుకీ లెక్చరర్ గారికీ గొడవైంది. రోడ్డు మీదికి వినపడింది. కాస్టిక్ నీళ్ళు మొహాన కొట్టింది. కళ్ళు పోయి బయటికి పరిగెత్తితే వెనకనించి తోసింది. ఆ పిల్ల పైట చెంగు చూడు, కాస్టిక్ పడి ముడుచుకుపోయి అట్ట కట్టింది. ఇంకేం కావాలి నీకు?"

"తోస్తే ఎక్కణ్ణించి పడాలి?"

"పై మెట్టు మీంచి."

"మరి పాచి మీద ఈ అడుగులెవరివి?"

ఏడుకొండలు వంగి చూశాడు. నల్లటి పాచి మీద ఉత్తి పాదాల ముద్రలు మెట్టు మెట్టుకీ ఒకటి చొప్పున కిందిదాకా ఉన్నాయి. జారిన గీత ఎక్కడా లేదు. ఆఖరి మెట్టు మీద మాత్రం రెండు పాదాలూ పక్కపక్కనే గట్టిగా దిగబడి ఉన్నాయి.

"తోసినవాడు దొర్లుతాడు ఏడుకొండలూ. ఈయన మెట్టు మెట్టూ దిగేడు. రోజూ దిగినట్టే దిగేడు. ఇక్కడ నిలబడి, నీళ్ళున్నాయనుకుని ముందుకి వాలేడు." లోవరాజు గొంతు తగ్గింది. "కళ్ళు మండుతున్న మనిషి. మొహం కాలువలో ముంచేద్దామని వచ్చేడు."

 ఏడుకొండలు భుజాలెగరేశాడు.

"సరే, తొయ్యలేదనుకో. కాస్టిక్ కొట్టిందెవరు? అది ఉందిగా!"

అది ఉంది. కాదనడానికి లోవరాజు దగ్గర ఇంకా ఏమీ లేదు.

*

లాబొరేటరీ అంటే కాలువ గట్టున ఒక పాత పెంకుటిల్లు. కాలేజీ ట్రస్టుకి ప్రెసిడెంటైన పెదబాబు గారిదే ఆ ఇల్లు. వీధి గదిలో కంప్యూటరు, దాని పక్కన నెత్తిమీద కెమెరా బిగించిన మైక్రోస్కోపు. మధ్య గదిలో మడత మంచం. వెనక గదిలో కాస్టిక్ నీళ్ళు మరిగే స్టీలు తొట్టి, ఒక పంపు, కాలువ వైపు తలుపు. నిన్న రాత్రే ఏడుకొండలు తాళం వేసి సీలు కొట్టాడు. ఇప్పుడు సీలు తీసి, తానే గుమ్మంలో కుర్చీ వేసుకుని కూర్చున్నాడు.

రూతు గోడకి ఆనుకుని నిలబడి ఉంది. పాతికేళ్ళుంటాయి. రాజోలు వైపు పిల్ల. అమ్మానాన్నా చిన్నప్పుడే పోతే మిషను వాళ్ళ బాలికల హాస్టల్లో పెరిగి, యేసురత్నం దగ్గరే చదువుకుని, ఆయన దగ్గరే రీసెర్చి అసిస్టెంటుగా చేరింది. ఏడ్చి ఏడ్చి కళ్ళు ఉబ్బిపోయాయి. పైట చెంగు నిజంగానే ముడతలు పడి బిరుసెక్కి ఉంది.

"నువ్వేం భయపడకమ్మా. ఇక్కడ మీరు చేసే పని నాకర్థమయ్యేలా చెప్పు. నేను సైన్సు చదువుకున్నవాణ్ణి కాదు."

రూతు కళ్ళు తుడుచుకుంది. పని పేరు ఎత్తేసరికి గొంతులోకి కాస్త బలం వచ్చింది.

"మట్టిలో, ఇసకలో కొన్ని అణువులు వాటంతటవే పగుల్తుంటాయండి. పగిలినప్పుడు ఎగిరే కణం ఈ ప్లాస్టిక్ ఫిల్ము మీద పడితే కంటికి కనపడని దెబ్బ తగుల్తుంది. ఫిల్ముని వేడి కాస్టిక్‌లో నానబెడితే ఆ దెబ్బ గుంటవుతుంది. ఆ గుంటలు లెక్కెట్టాలి. అవెన్నుంటే అక్కడ అంత రేడియేషన్ ఉన్నట్టండి. మనిషి లెక్కెడితే రోజుకో ఫిల్ము అవుతుంది, కళ్ళు పోతాయి. దుమ్మునీ గీతల్నీ కూడా గుంటలనుకుంటాం. అందుకని మేష్టారు ఈ మిషనుకి నేర్పించేరు."

"మిషనుకి నేర్పించడమేమిటి?" అన్నాడు ఏడుకొండలు గుమ్మంలోంచి. "చిలకా ఏమన్నానా?"

"చిలక్కంటే మొద్దండి మొదట్లో," అంది రూతు నెమ్మదిగా. "ఇది గుంట, ఇది దుమ్ము అని వేల బొమ్మలు చూపించేం. తప్పు చెప్పినప్పుడల్లా దిద్దేం. దిద్దగా దిద్దగా దానికే తెలిసిపోయింది. చూడని బొమ్మ చూపించినా చెప్పేస్తది. చెడిపోయిన ఫిల్ముల్ని ఎవరైనా పారేస్తారండి. మా దగ్గర డబ్బుల్లేవు కదా, వాటినీ పారెయ్యకుండా దానికి చూపించేవాళ్ళం. ఆర్టిఫిషియల్ ఇంటెలిజెన్సంటే పెద్ద ఊళ్ళవాళ్ళ పని, అమలాపురంలో ఏంటని ఢిల్లీలో అందరూ నవ్వేరంట. మేష్టారు మూడేళ్ళు తిరిగితే మొదటి గ్రాంటిచ్చేరు. రేపు సోమవారం కమిటీ వస్తోంది. చూసి నచ్చితే రెండో గ్రాంటు. నచ్చకపోతే మూసెయ్యడమే."

"నిన్న గొడవెందుకయ్యింది?"

రూతు తల దించుకుంది.

"బుధవారం నించీ మేష్టారు ఇక్కణ్ణించి కదల్లేదండి. నిద్ర కూడా ఆ మడత మంచం మీదే. తోటల్లో పెట్టిన ఫిల్ములన్నీ చదవడం పోయిన వారమే అయిపోయింది. ఆఖరి మూట మాత్రం నన్ను ముట్టుకోనివ్వలేదు. ఒక్కడే తొట్టిలో వేసి, ఒక్కడే మిషన్లో పెట్టి, చూసి మొహం మాడ్చుకుని కూర్చున్నారు. మళ్ళీ ఒకసారి చూడాలన్నారు. నిన్న మధ్యాహ్నం దాటేక అడిగేను, ఏంటి మేష్టారూ అని. సోమవారం కమిటీ ముందే చెప్తానన్నారు. నాకు ఉక్రోషం వచ్చింది. నాలుగేళ్ళు ఈ కాస్టిక్‌లో చేతులు కాల్చుకున్నదాన్ని, నాకు చెప్పరా అని గట్టిగా అరిచేను. అప్పుడన్నారు, 'ముందే చెబితే నీకు నిద్ర పట్టదే తల్లీ' అని. నేను విసురుగా హాస్టలుకి వెళ్ళిపోయేను. అదే ఆఖరుమాటండి."

"హాస్టల్లోనే ఉంటావా ఇంకా?"

"ఆయ్. ఇప్పుడు వార్డెన్నండి."

లోవరాజు వెనక గదిలోకి వెళ్ళాడు. తొట్టి పక్కన చెక్కబల్ల మీద కాస్టిక్ చింది తెల్లగా ఎండిపోయింది. తొట్టిలో ఫిల్ములన్నీ ఒకదానికొకటి అతుక్కుని పాలపొరల్లా తేలుతున్నాయి. రాత్రంతా నానితే ఇంకేం మిగుల్తుంది! పంపు చూశాడు. తల పూర్తిగా తిప్పేసి ఉంది. చుక్క రావడంలేదు.

"ఈ పంపుకి నీళ్ళెక్కణ్ణించి?"

"కాలవలోంచేనండి, మోటారుతో. గురువారం నించీ లేవు. అందుకని నేనే రోజూ రెండు బకెట్లు పట్టించి..."

మాట అక్కడ తెగిపోయింది. తలుపు వెనకాల గోడవారన రెండు బకెట్లూ నిండుగా, మూతలతో ఉన్నాయి. చూపున్నవాడికి నాలుగడుగుల దూరం. చూపు పోయినవాడు పంపు తిప్పాడు, రాలేదు. వెనక తలుపు తీసి, పదిహేనేళ్ళుగా కాళ్ళకి తెలిసిన దారిన పరిగెత్తాడు.

"నేను చెప్పలేదండీ!" రూతు గోడ మీంచి జారిపోయి నేలమీద కూర్చుంది. "కాలవ కట్టేసేరని మేష్టారికి నేను చెప్పలేదండీ! బయటికే రాలేదు కదా ఆయన, ఎలా తెలుస్తుంది? బకెట్లు పెట్టేను గానీ ఎందుకు పెట్టేనో చెప్పలేదు. ఆయనకి ఎందుకులే ఆ గోలని..."

 తడబడకుండా ఏడ్చేవాళ్ళని లోవరాజు చాలామందిని చూశాడు. ఈ పిల్ల ఏడుపు అలాంటిది కాదు. చంపినవాళ్ళెవరూ తమకి తెలియని నేరాన్ని ఇలా నెత్తిమీదేసుకోరు.

కిటికీలో నాలుగు నిమ్మకాయలు ఎండుతున్నాయి.

"ఇవెందుకు?"

"కాస్టిక్ అంటితే వేళ్ళు జారుతుంటాయండి. కడుక్కున్నాక నిమ్మరసం రాసుకుంటే విరుగుతుంది," అంది రూతు వెక్కిళ్ళ మధ్య.

లోవరాజు ఒక కాయ తీసి జేబులో వేసుకున్నాడు.

*

బయట అంబాసిడర్ ఆగింది. ఏడుకొండలు కుర్చీలోంచి గభాలున లేచి టోపీ సర్దుకున్నాడు. దాన్నిబట్టే వచ్చింది ఎవరో తెలిసిపోయింది.

పెదబాబు గారు అరవై దాటిన మనిషి. సముద్రం వైపు వందల ఎకరాల కొబ్బరితోటలు. కాలేజీకి స్థలమిచ్చింది ఆయన తండ్రి, మిషను వాళ్ళ హాస్టలు కట్టించింది ఆయన. ఎవరితోనూ గట్టిగా మాట్లాడి ఎరగడు. తెల్ల పంచె, తెల్ల చొక్కా, మెడ చుట్టూ కొత్త కండువా. నేరుగా వెనక గదిలోకి వచ్చాడు.

"ఎంత ఘోరం జరిగిపోయిందండీ ఇనస్పెక్టరు గారూ! యేసురత్నం అంటే మాకు తమ్ముడి కింద లెక్క. నేను ఊళ్ళో లేని పూటే జరగాలా? నిన్న భోంచేసి జొన్నాడ వెళ్ళేను, కమిటీ వాళ్ళకి కార్లు మాట్లాడ్డానికి. పొద్దున్నొచ్చి ఈ కబురు విన్నాను. కాళ్ళూ చేతులూ ఆడలేదనుకోండి." కండువా చివరతో కళ్ళొత్తుకున్నాడు. "ఈ బాబెవరండి?"

"లోవరాజండి. ఎలీసమ్మ గారు పిలిస్తే వచ్చేను." లోవరాజు దండం పెట్టాడు. "కండువా బాగుందండి. బండారులంకదా?"

అంత దుఃఖంలోనూ పెదబాబు గారి మొహంలో చిన్న వెలుగు కనబడింది. కోనసీమలో నేత బట్ట మెచ్చుకుంటే పొంగనివాడు ఎవడు?

"అక్కడిదేనండి. కమిటీ వాళ్ళకి కప్పుదామని అరడజను నేయించేను. నిన్న మధ్యాహ్నం భోజనాల వేళకి మగ్గం మీంచి దిగి వచ్చేయి. మా ఆవిడ సూర్యకుమారి నాలుగు మూలలా పసుపెట్టి, ముందు మీరు కప్పుకోండని ఒకటి నా భుజానేసింది."

"నిన్న మధ్యాహ్నం నించీ ఇది మీ భుజం దిగలేదన్నమాట."

"ఆయ్. బట్టలన్నీ చాకలికి పడ్డాయి, ఇదొక్కటే ఉంది."

"ఈ ఇంట్లోకి మీరు ఆఖరుసారి వచ్చిందెప్పుడండి?"

"ఆ... వారమయ్యుంటుందండి. ఎందుకు?"

"నిన్న రాత్రి ఇనస్పెక్టరు గారు సీలేసేరు. అప్పణ్ణించి ఎవరూ లోపలికి రాలేదు. అవునా ఏడుకొండలూ?"

"ఈగ కూడా రాలేదు," అన్నాడు ఏడుకొండలు చిరాగ్గా. "ఏంటయ్యా నీ ప్రశ్నలు? పెదబాబు గారిని నిలబెట్టి..."

లోవరాజు రెండడుగులు ముందుకేసి, ఎంతో మర్యాదగా, పెదబాబు గారి మెడ మీంచి కండువా తీసుకున్నాడు. చెక్కబల్ల మీద పొడి చోటు చూసి పరిచాడు. మూడు మూలల్లో పసుపు బొట్లు పచ్చగా ఉన్నాయి. నాలుగో మూల ఎర్రగా ఉంది.

"ఇదేవిటండి?"

"ఏముందండీ, కిళ్ళీ మరక. చూసుకోలేదు," అన్నాడు పెదబాబు గారు.

లోవరాజు నిమ్మకాయ కోసి ఎర్రమచ్చ మీద పిండాడు. అందరూ చూస్తుండగానే ఎరుపు విరిగిపోయి పచ్చటి పసుపు తేలింది.

"మా అమ్మ పెళ్ళిళ్ళకి పారాణి కలిపేది. పసుపులో సున్నం వేస్తే ఎర్రగా అవుతుంది, పులుపు తగిలితే మళ్ళీ పసుపైపోతుంది. మన ఆడవాళ్ళందరికీ తెలుసు. కిళ్ళీ మరక నిమ్మకాయకి లొంగదండి."

"మరింకేం! మీరే అన్నారుగా సున్నమని. కిళ్ళీ వేసుకునేటప్పుడు వేలికున్న సున్నం తగిలుంటుంది." గొంతు ఇంకా మెత్తగానే ఉంది గానీ పైపెదవి మీద చెమట పట్టింది.

"చాలించవయ్యా!" ఏడుకొండలు అడ్డొచ్చాడు. "సున్నం మరక పట్టుకుని పెద్దమనిషి మీద నిందలేస్తావా? నా స్టేషన్ పరిధిలో ఇలాంటివి కుదరవు. నడు బయటికి!"

"నడుస్తాను. నీ సాక్ష్యం ఒక్కటి చూసి నడుస్తాను." లోవరాజు రూతు వైపు తిరిగాడు. "అమ్మా, ఆ పైట చెంగు అలా ముడుచుకుపోయిందేం?"

"నూలు బట్ట కదండీ. వేడి కాస్టిక్‌లో పడితే కుంచించుకుపోతుంది. ఎన్ని ఉతుకులుతికినా సాగదు. మా బట్టలన్నీ ఇంతేనండి."

"సున్నం తగిలితే?"

"సున్నానికి కుంచించుకోదండి."

లోవరాజు కండువాని మధ్యకి మడిచి, మూలకి మూల కలిపి పెట్టాడు. మూడు మూలలూ మెత్తగా సరిపోయాయి. నాలుగోది రెండు వేళ్ళ మేర పొట్టిగా, ముడతలు పడి, వేలితో మీటితే అట్టలా చప్పుడు చేసింది. ఆయన ఆ మూలని తీసుకెళ్ళి రూతు పైట చెంగు పక్కన పెట్టాడు.

"నువ్వు పట్టుకున్న సాక్ష్యమే ఏడుకొండలూ. ఆ పిల్లకి అది రోజూ చేసే పని. మరి నిన్న మధ్యాహ్నం మగ్గం దిగిన ఈ కండువా, వారం రోజులుగా ఈ గుమ్మం తొక్కనివారి భుజం మీంచి, తొట్టి మీదికి ఎప్పుడు వంగింది?"

ఏడుకొండలు చెయ్యి చాపి ఆ మూలని తానే వేళ్ళతో నలిపి చూశాడు. చాలాసేపు చూశాడు. అతను చెడ్డ పోలీసు కాదు. వంగి వంగి నడుం అలవాటు పడిపోయిందంతే.

"పెదబాబు గారూ," అన్నాడు చివరికి, "జొన్నాడలో కార్లు ఎవరితో మాట్లాడేరండి?"

 పెదబాబు గారు మధ్య గదిలోకి వెళ్ళి మడత మంచం పట్టె పట్టుకుని కూర్చున్నాడు.

"నేను చంపలేదు," అన్నాడు.

ఏడుకొండలు ఆయన ఎదురుగా వచ్చి నిలబడ్డాడు.

"నా తోటల్లో కూడా ఆ ఫిల్ములు పాతేరండి. సముద్రపు ఇసకలో ఏదో ఖనిజం ఉందంట, అణుశక్తికి పనికొస్తదంట. ఆ మిషను చదివి చెప్పేస్తే గవర్నమెంటు తోటలు లాగేసుకుంటుందని పది మందీ చెవిలో ఊదేరు. మా నాన్న నాటిన చెట్లండి అవి! కమిటీ వచ్చేలోగా ఫిల్ములు పాడైపోతే గొడవొదిలిపోతుందనుకున్నాను. కావాలంటే మళ్ళీ పెట్టుకుంటారు, రెండేళ్ళు పడుతుంది, ఈలోగా చూసుకోవచ్చని... నిన్న ఆ పిల్ల వెళ్ళిపోవడం చూసి, నా దగ్గరున్న తాళంతో వచ్చేను. యేసురత్నం ఈ మంచం మీదే నిద్రపోతున్నాడు. ఉన్నవన్నీ తెచ్చి తొట్టిలో ఒంపేసేను. చప్పుడుకి లేచేడు. 'బాబుగారూ, ఏం చేసేరండీ' అని రెండు చేతులూ మరిగే నీళ్ళలో పెట్టేసేడు. ఉత్తి చేతులు! నేను లాగబోయేను. తొట్టి ఒరిగి మొహం మీద చిందింది."

"తరవాత?"

"నీళ్ళు, నీళ్ళు అని అరిచేడు. పంపు తిప్పేడు. తలుపు తీసుకుని రేవులోకి పరిగెత్తేడు."

"మీకు తెలుసు కదండి, కాలవ కట్టేసేరని," అన్నాడు లోవరాజు.



"తెలుసు."

"ఒక్క కేక వేస్తే ఆగేవాడు."

"అరుద్దామనుకున్నాను. అరిస్తే నేనిక్కడున్నట్టు నలుగురికీ తెలిసిపోతుందని..." ఆ పెద్దమనిషి రెండు చేతుల్లో మొహం కప్పుకున్నాడు. "అంతేనండి. ఆ ఒక్క మాటకీ నోరు పెగల్లేదు."

రూతు లేచి నిలబడింది. మంచం దగ్గరికి వచ్చింది.

"తోట ఫిల్ములు పోయిన వారమే చదివేసేమండి," అంది. "మీరు ముంచినవి చదివేసిన ఫిల్ములు. మీ తోటల్లో పెద్దగా ఏమీ లేదండి. కొద్దిగా ఉన్నదీ గాలికి కొట్టుకుపోతుంది. మీ తోటల్ని ఎవరూ తీసుకోరు. మేష్టారు రేపు కమిటీకి అదే చెప్పేవారు."

పెదబాబు గారు తలెత్తి ఆ పిల్ల వంక చూశాడు. అర్థం కావడానికి కొంచెంసేపు పట్టింది. అర్థమయ్యాక ఆయన నోట్లోంచి వచ్చిన చప్పుడు ఏడుపూ కాదు, మాటా కాదు.

*

మధ్యాహ్నం రెండు గంటలు దాటాక ఎలీసమ్మ వచ్చింది. తెల్లచీర, చేతిలో బైబిలు. రూతుకి సంకెళ్ళు లేవని చూసి ముందు ఆ పిల్లని గుండెలకి హత్తుకుంది. జరిగింది లోవరాజు చెప్పాడు. ఆవిడ పెదబాబు గారి వైపు ఒక్కసారి చూసి, చూపు తిప్పుకుంది.

"సమాధి వేళకి ఆయన పెట్టె దగ్గర ఈ పిల్ల నిలబడాలి. అందుకొచ్చేను," అంది. "మీరు పొద్దున్న అడిగేరు కదు బాబూ, ఆయన చేతిలో ఏమన్నా ఉందా అని. పోలీసులున్నారని అప్పుడు చెప్పలేదు. స్నానం చేయించేటప్పుడు కుడిచేతి పిడికిలి విచ్చుకోలేదు. గోరువెచ్చటి నీళ్ళోసి, ఒక్కో వేలే విప్పేను. ఇది ఉంది."

బైబిలు తెరిచింది. పుటల మధ్య గోరంత ప్లాస్టిక్ ముక్క, పాలగాజులా మసకబారి ఉంది.

రూతు దాన్ని అరచేతిలో పెట్టించుకుంది. "ఇది ఆఖరి మూటలోదే అయ్యుండాలి. తొట్టిలో ఇన్ని ఫిల్ములుంటే మేష్టారు ఇదొక్కటే పట్టుకున్నారు."

"పాడైపోయిందిగా," అన్నాడు ఏడుకొండలు. కానీ ఈసారి గొంతులో వెటకారం లేదు.

"మనుషులకి పాడైపోయిందండి. గుంటలన్నీ కలిసిపోయేయి, కంటితో ఎవరూ లెక్కెట్టలేరు." రూతు వీధి గదిలోకి నడిచింది. "చెడిపోయినవి కూడా దీనికి చూపించేమన్నాను కదండీ."

కంప్యూటరు స్విచ్చేసింది. ఫిల్ముని మైక్రోస్కోపు కింద పెట్టింది. తెర మీద ఆకుపచ్చ అక్షరాలు వచ్చాయి. మిషను ఒక్కో ముక్కే చూస్తూ, ఆగుతూ, మళ్ళీ చూస్తూ ముందుకి కదిలింది. అందరూ దాని వెనకే నిలబడ్డారు. ఎవరో ముసలివాళ్ళు వేళ్ళు మడిచి లెక్క చూసుకుంటుంటే పక్కన నిలబడ్డట్టే ఉంది లోవరాజుకి. ఢిల్లీ వాళ్ళు చూడాల్సిన పరీక్ష, ఒక డిటెక్టివూ ఒక పోలీసూ ఒక విధవరాలూ చూస్తున్నారు.

మిషను ఆగింది. తెర మీద అంకె వచ్చింది. రూతు దగ్గరికి వంగి చదివి, మళ్ళీ చదివింది.

"తప్పయ్యుండాలి," అంది. మళ్ళీ మొదణ్ణించి చూడమంది. అదే అంకె వచ్చింది.

"ఎక్కువా?" అన్నాడు లోవరాజు.

"తోటల కంటే ఎన్నో రెట్లండి. ఆరుబయట ఇంత రాదు. మూసిన గదిలో, అణువులు పగిలినప్పుడు పుట్టే వాయువు బయటికి పోకుండా నిలవుండిపోతేనే ఇంత వస్తది. ఎంతైతే ప్రమాదమో నాకు తెలీదు గానీ, మేష్టారికి తెలుసు. అందుకే మళ్ళీ చూడాలన్నారు."

"ఏ గదిలో పెట్టిన ఫిల్మో ఎలా తెలుస్తుంది?"

"చోటుకొక గుర్తండి. అంచున కత్తెరతో కోస్తాం. తోటలకి ఒక కోత, చేలకి రెండు..."

రూతు ఫిల్ముని బయటికి తీసి బొటనవేలితో అంచు తడిమింది. ఆ వేలు ఒకచోట ఆగింది, ఇంకొంచెం జరిగి మళ్ళీ ఆగింది, ఇంకోసారి ఆగింది. 

"మూడు," అంది. "మూడు కోతలంటే హాస్టలు."

వెనక మంచం మీంచి పెదబాబు గారు లేచాడు. కాపలా ఉన్న కానిస్టేబులు ఆపబోయాడు గానీ ఏడుకొండలు వద్దని సైగ చేశాడు.

"ఏ హాస్టలు? మా అమ్మ పేరు మీద కట్టించిందేనా?" అన్నాడాయన. "ఆ గచ్చు... పదిహేనేళ్ళ కిందట ఆ గచ్చుకి ఇసక నా తోటలోంచే బళ్ళమీద తోలించేను. సముద్రపు నల్లిసక. గచ్చు నిగనిగలాడుతుందని. రూపాయి పుచ్చుకోలేదండీ నేను! దానంగా ఇచ్చేను!"

 ఎలీసమ్మ బైబిలు మూసి గుండెకి ఆనించుకుంది.

లోవరాజు రూతు వైపే చూస్తున్నాడు. ముందే చెబితే నీకు నిద్ర పట్టదే తల్లీ, అన్నాడు యేసురత్నం. జైలు తప్పించానని గంట కిందట తనకి కలిగిన గర్వం ఇప్పుడు నోట్లో చేదుగా ఉంది.

"నువ్వెన్నేళ్ళుగా ఉన్నావమ్మా అక్కడ?"

"గచ్చు వేసిన ఏడు చేరేనండి. మంచాలు లేవప్పుడు. అందరం కిందే పడుకునేవాళ్ళం, చల్లగా ఉంటదని." ఆ పిల్ల ఇప్పుడు ఏడవడంలేదు. "ఇప్పటికీ చిన్నపిల్లలు కిందే పడుకుంటారండి. సెలవలకి వెళ్ళడానికి ఇల్లులేని పిల్లలు. ఎండలని కిటికీలు కూడా మూసేసే ఉంచుతున్నాం."

దూరంగా చర్చి గంట మొదలైంది. రూతు ఫిల్ముని ఎలీసమ్మ చేతిలో పెట్టి, పైట నడుముకి దోపుకుంది.

"అమ్మగారూ, మేష్టారి దగ్గర నేను నిలబడలేను. మీరు నాకోసం చూడకండి," అంది. "ముందు పిల్లల్ని బయటికి తేవాలి."

ఏడుకొండలు జేబులోంచి జీపు తాళాలు తీశాడు. ఆ పిల్లని స్టేషనుకి తీసుకెళ్ళడానికి పొద్దున్నించీ తయారుగా ఉంచుకున్న జీపు అది.

"ఎక్కమ్మా," అన్నాడు. "హాస్టలుకి దారి చెప్పు."